టిక్

మొదట నా చెవే పట్టుకుంది.
రాత్రి రెండు దాటాక
కృష్ణానగర్ మూడో అంతస్తు గదిలో
ఫ్యాను ఆపి కూర్చుంటే
బల్ల మీది డిస్కు నిద్రలో
పళ్ళు కొరుకుతున్నట్టు
టిక్.
ఆగి, మళ్ళీ టిక్.

సినిమాల్లో నడిచే కాళ్ళు నావి.
హీరో మెట్లెక్కుతుంటే
అరిగేది నా చెప్పులు.
చాటలో కందులు దొర్లిస్తే వాన,
తోటకూర కాడ విరిస్తే ఎముక.
పదకొండేళ్ళ దొంగ చప్పుళ్ళు,
వాటి మధ్య ఇరుక్కుని నిజమైనవి కొన్ని,
రెండు టెరాబైట్లు,
అరచేతిలో పట్టే నల్లడబ్బా.

"క్లౌడ్‌లో ఎక్కించేద్దాం సార్" అన్నాడు బాలనర్సు.
లెక్క కట్టాం.
మా సందు నెట్‌కి నలభై ఒక్క రోజులు,
అదీ కరెంటు పోకపోతే,
పై వాటావాళ్ళు క్రికెట్ చూడకపోతే.
ఆ తర్వాత నెలనెలా కిరాయి.
ఈ పేటలో కిరాయంటే ఏమిటో నాకొకరు చెప్పాలా?
రెండు నెలలు తప్పితే
పరుపూ బకెట్టూ మెట్ల మీదికొచ్చిన ఇళ్ళు
నాలుగు మారాను.
ఊరు పేరు తెలియని ఏదో చల్లటి గదిలో
నా చప్పుళ్ళు అద్దెకుంటాయి సరే,
కార్డు గడువు తీరిన నాడు
వాటి సామాను ఏ మెట్ల మీదికొస్తుంది?

ప్యారడైజ్ దాటి, కంప్యూటర్ల బజారు.
లిఫ్టు పనిచేయడం లేదు.
జహీరుద్దీన్ నా డిస్కుని చెవికి ఆనించుకున్నాడు,
పుచ్చకాయ తట్టి చూసేవాడిలా.
"వారం సాబ్. మస్తంటే పది రోజులు."
కొత్తది తీసి కవరు చింపుతూ అన్నాడు:
"ఇదొక్కటి కొని బేఫికర్ అనుకోకు.
మొన్న అక్టోబర్ వానల టోలీచౌకి గిరాకీ ఒకాయన
అసలూ నకలూ ఒక్క అల్మారిల పెట్టిండు.
రెండూ కలిసే ఈదినయ్.
రెండు తాళంచెవులు ఒక్క జేబుల ఏస్కుంటరా?
జేబు చినిగిన్నాడు ఏం జేస్తవ్?"

బస్సులో నవ్వొచ్చింది.
చెవులు నాకూ రెండే.
రెండూ ఒకే తలకి.

నకలు దిగడానికి ఒకటిన్నర రోజు పట్టింది.
దాన్ని బాలనర్సు కుషాయిగూడ తీసుకుపోయాడు.
వాళ్ళమ్మ బీరువాలో
పట్టుచీర మడతల మధ్య పెట్టి అడిగిందట,
"ఏమున్నయిరా ఇండ్ల?"
"చప్పుళ్ళమ్మా."
"మరి సప్పుడే లేదేంది?"

ఇక మిగిలింది ఆ దూరపు గది.
అన్నీ పంపలేను.
ఏవి ముందు?
వాన అక్కర్లేదు,
కందులు దొరికినన్నాళ్ళు వాన దొరుకుతుంది.
గుర్రాలు కొబ్బరిచిప్పల్లో ఉన్నాయి.
యుద్ధం, వంటింటి గిన్నెల్లో.
వెతగ్గా వెతగ్గా అడుగున ఒక ఫోల్డరు,
నేనే పెట్టిన పేరు: పనికిరానివి.

టేకు మధ్యలో దూరిన ఎంఎంటీఎస్ కూత.
కూల్చకముందు బొగ్గులకుంట ఇంటి గొళ్ళెం.
పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె కేక,
ఏమంటుందో ఇప్పటికీ తెలీదు.
వీరభద్రం మాస్టారి దగ్గు.
పధ్నాలుగో టేకు పాడైందని
ఆ రోజు ఆయన్ని కసిరాను.
ఫైలు చెరపడం ఎందుకు మరిచానో.

మూడు జీబీ. ఒక్క రాత్రి.
నెలకి ఆరు ఇరానీ చాయ్‌ల కిరాయి.
కట్టగలను.

తెల్లారేసరికి ఎక్కేసింది.
పాత డిస్కు బల్ల మీద అలాగే,
టిక్.
చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి ఆగాను.
ఈ చప్పుడు కందులతో రాదు.
మైకు దగ్గరికి జరిపి
మళ్ళీ ఫ్యాను ఆపి
ఊపిరి బిగబట్టి నాలుగు నిమిషాలు పట్టాను.

ఎక్కడ దాచమంటావని
తెర అడుగుతోంది.
నేనింకా వింటున్నాను.